ఆటలో అక్షరం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. ఇక్కడి శిశువు బడిలో అడుగు పెట్టేనాటికే ఎంతో గ్రహించి ఉంటాడు. కల్లంలో తల్లి ఎర్రని కాయల నుండి రంగు వెలిసిన తాలుకాయలను ఏరివేయడం, తండ్రి బస్తాలను తూకం వేయించడం అతడు చూసినవే. ఈ అనుభవాన్ని అక్షరంగా, అంకెగా మార్చడమే ఒకటి, రెండు తరగతుల ఉపాధ్యాయుని ముఖ్య కర్తవ్యం. అందుకు తగిన సాధనం ఆట.

ఇట్టి తరగతిలో దినచర్య పాటతోనో, కథతోనో ఆరంభమవుతుంది. అనంతరం గదిలో ఒక మూల మిర్చి యార్డుగా మారుతుంది. కొబ్బరి చిప్పలు త్రాసు అవుతాయి; చింతపిక్కలు రూపాయలవుతాయి. ఒకరు రైతు, ఒకరు హమాలీ, మరొకరు వ్యాపారి. ఎర్ర కాగితపు ముక్కలను, తెల్లవాటిని వేరు చేయడంలో వర్గీకరణ, చింతపిక్కలను పదేసి కుప్పలుగా పెట్టడంలో స్థానవిలువ అలవడతాయి. వ్యాపారి వేషధారి చీటీపై గీతలు గీస్తే, ఉపాధ్యాయురాలు వాటి పక్కన అంకె వేసి చూపుతుంది. మధ్యాహ్నం పిల్లలు తాము గీసిన బొమ్మను గూర్చి చెప్పిన మాటలను ఆమె ఆ బొమ్మ క్రిందనే వ్రాస్తుంది. తన మాటనే తాను చదవడం శిశువుకు తొలి పఠనపాఠం.

ఆటకు, అక్షరానికి గల సంబంధాన్ని రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త వైగాట్‌స్కీ (1896–1934) వివరించాడు. కర్రపుల్లను గుర్రంగా భావించే పిల్లవాడు ఒక వస్తువు మరొకదానికి గుర్తు కాగలదని గ్రహిస్తాడు. అక్షరం కూడా ధ్వనికి గుర్తే కదా! అంతేకాక, హమాలీగా నటించేవాడు వ్యాపారి పని చేయరాదు. ఈ నియమపాలన వలన ఆత్మనిగ్రహం అలవడుతుంది.

ఈ భావన మన దేశానికి కొత్తది కాదు. గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించి, కథలు, ఆటల ద్వారా బోధించాడు. 1980వ దశకంలో బ్రిటన్ సహాయంతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను రాష్ట్రంలోని పాఠశాలలకు పరిచయం చేసింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం 3 నుండి 8 సంవత్సరాల వయస్సు వారికి ఆట ఆధారంగానే విద్య నేర్పాలని నిర్దేశించింది.

అయితే ఈ ఆట అందరికీ అందడం లేదు. పత్తితీతలకు, మిరపకోతలకు కర్నూలు పశ్చిమ ప్రాంతం నుండి అనేక కుటుంబాలు గుంటూరు సీమకు వలస వస్తాయి. కోతలు ముమ్మరంగా సాగే మాసాలు బడి సాగే మాసాలే. తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలు సొంత ఊరి బడికి దూరమై, చేల గట్లమీదనే పొద్దు పుచ్చుతారు. కొందరు కాయలు కూడా కోస్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ప్రసాదించింది. వలస వెళ్లేవారి పిల్లలు సొంత ఊళ్లోనే ఉండి చదువుకొనేందుకు సర్వశిక్షా అభియాన్ క్రింద కాలానుగుణ వసతిగృహాలు నడిపారు.

చేలో కాయలు కోసే బిడ్డకు, తరగతిలో కాగితపు కాయలు ఏరే బిడ్డకు వయస్సు ఒక్కటే. మొదటి బిడ్డ శ్రమ ఆనాటి కూలితో ముగిసిపోతుంది. రెండవ బిడ్డ ఆట చదువుకు పునాది అవుతుంది. ఆ పునాది ప్రతి బిడ్డకూ దక్కేటట్లు చూడడం సమాజం బాధ్యత.