లాటరీ తగిలితేనే చేతికొచ్చిన కారు

1991లో జపాన్‌లో ఒక కారు కొనాలంటే జేబులో డబ్బుంటే సరిపోయేది కాదు, అదృష్టం కూడా కలిసిరావాలి. ఆ కారు నిస్సాన్ ఫిగారో. పాతకాలపు సొగసుతో వచ్చిన ఈ చిన్న ఓపెన్ టాప్ కారును మొదట 8,000 మాత్రమే చేస్తామన్నారు. అడిగేవాళ్లు ఎగబడటంతో మరో 12,000 చేయడానికి ఒప్పుకున్నారు. అదీ చాలదని తేలిపోయింది. పేర్లు రాయించుకుని లాటరీ తీశారు, పేరు వచ్చినవాళ్లకే తాళాలు. ధర 18,70,000 యెన్‌లు. ఆ ఒక్క ఏడాదితోనే తయారీ ఆపేశారు. గిరాకీ ఉండగానే ఆపడం వ్యాపారంలో అంత తేలికేం కాదు. నాకు ఫిగారో మీద గౌరవం అక్కడే మొదలైంది.

రంగులు నాలుగే, ఒక్కో ఋతువుకి ఒకటి. వసంతానికి ఎమరాల్డ్ గ్రీన్ అనే లేత పచ్చ, వేసవికి పేల్ ఆక్వా అనే లేత నీలం, ఆకులు రాలే కాలానికి టోపాజ్ మిస్ట్ అనే మట్టిఛాయ, చలికాలానికి లాపిస్ గ్రే. పైన గుడ్డ కప్పు మాత్రం అన్నిటికీ తెలుపే. ఎరుపు లేదు, నలుపు లేదు. స్పోర్ట్స్ కారు అనగానే కళ్లు చెదిరే రంగు వేసే రోజుల్లో ఇంత మెత్తటి రంగులకు పూనుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

బానెట్ ఎత్తితే అసలు సంగతి తెలుస్తుంది. లోపల ఉన్నది మొదటి తరం మైక్రా. జపాన్‌లో దాన్ని మార్చ్ అంటారు, ఆ పేరు కూడా జనాన్ని అడిగి పోటీ పెట్టి ఎంచిందే. ఆఫీసుకి, బజారుకి తిరిగే సాదాసీదా బండి అది. ఫిగారోకి దాని 987 సీసీ ఇంజన్‌ని టర్బోతో సహా ఇచ్చారు. బలం 76 హార్స్‌పవర్, గేర్లు ఆటోమేటిక్, అదీ మూడే. చూపు స్పోర్ట్స్ కారుదే కానీ పరుగు మాత్రం నింపాదిగా షికారుకెళ్లే బండిది. ముప్పై ఏళ్లు దాటినా ఇవి ఇంకా రోడ్ల మీద కనిపిస్తున్నాయంటే ఈ మామూలు ఇంజనే పెద్ద కారణమని నా నమ్మకం. మైక్రాని బాగుచేసే మెకానిక్‌కి ఫిగారో ఇంజన్ కొత్తదేమీ కాదు. పై భాగాల సంగతి వేరు. క్రోమ్ పట్టీలు, లైట్ల చుట్లు, డ్యాష్‌బోర్డ్ ముక్కలు ఈ కారు కోసమే చేసినవి కాబట్టి ఒకటి విరిగితే వెతుక్కోవడం కష్టం.

ఫిగారో కప్పు మొత్తం ఊడిరాదు. ముందు అద్దం పైన గొళ్లాలు విప్పి గుడ్డ కప్పును వెనక్కి మడిస్తే, అది వెనక సీటు వెనకున్న మూత కిందికి వెళ్లిపోతుంది. ఇదంతా చేత్తో చేసే పనే, మోటార్లేమీ లేవు. తలుపుల పైన రెండు పక్కలా ఇనప పట్టీలు, కిటికీల చట్రం మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఎందుకలా? ఓ అట్టపెట్టె మూత తీసేసి రెండు చివరలూ పట్టుకుని మెలిపెట్టి చూడండి, ఎంత తేలిగ్గా వంగుతుందో. కారు బాడీదీ అదే కథ. కప్పు పూర్తిగా కోసేస్తే గుంతల రోడ్డు మీద బాడీ మెలికలు తిరుగుతుంది. అలా కాకుండా ఉండాలంటే కింద బరువైన ఇనుము వేసి బలపరచాలి. పక్క పట్టీలు వదిలేస్తే ఆ బరువు చాలావరకు తప్పుతుంది. ఈ కిటుకు కొత్తది కాదు, అమెరికాలో 1950 నాటి నాష్ రాంబ్లర్ కన్వర్టిబుల్ కూడా ఇలాగే ఉండేది. దీనివల్ల నష్టం డిక్కీకి. మడిచిన కప్పుకే చోటు పోవడంతో సామాను పెట్టుకునే జాగా చిన్నదైపోయింది.

కూర్చుంటే ఎదురుగా దంతపు ఛాయ స్టీరింగ్, తెల్లటి డ్యాష్‌బోర్డ్, వేలితో పైకీ కిందికీ టక్కుమనిపించే స్విచ్‌లు, తెల్లటి తోలు సీట్లు. పాతకాలపు రేడియోలా కనిపించే దాంట్లో సీడీ ప్లేయర్ కూడా ఉంది. ఆ రేడియో ఒక్క చోట మొరాయిస్తుంది. జపాన్‌లో అప్పట్లో ఎఫ్‌ఎం స్టేషన్లు 76 నుంచి 90 మెగాహెర్ట్‌జ్ మధ్యే ఉండేవి. బ్రిటన్‌లో స్టేషన్లు 108 దాకా ఉంటాయి. అందుకని అక్కడికి చేరిన ఫిగారోల్లో చాలా స్టేషన్లు అందవు, తరంగాలు మార్చే చిన్న పరికరం పెట్టించుకోవాలి.

ఈ కారుకి తోబుట్టువులున్నాయి. నిస్సాన్‌లో పైక్ ఫ్యాక్టరీ అనే ప్రత్యేక బృందం చేతిలో 1987లో బీ-1, 1989లో పావో, నత్త ఆకారంలో ఎస్-కార్గో అనే సామాన్ల బండి తయారయ్యాయి. బీ-1 పదివేలే చేశారు. పావోకి మరో దారి పట్టారు. మూడు నెలల్లో ఎంతమంది అడిగితే అన్ని చేస్తామన్నారు, 51,000 పైగా ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఫిగారో ఆఖరిది. నా దృష్టిలో నలుగురిలో అందగత్తె కూడా అదే, పావో అభిమానులు ఒప్పుకోకపోయినా సరే.

ఇవి జపాన్‌లో డబ్బు పొంగిపొర్లిన రోజులు. 1989 డిసెంబర్ 29న టోక్యో షేర్ సూచీ నిక్కీ 38,915 దాటి ముగిసింది. ఆ ఏడాదే టోక్యో మోటార్ షోలో 'బ్యాక్ టు ద ఫ్యూచర్' అన్న నినాదంతో ఫిగారోని చూపించారు. అది షోరూమ్‌లకు చేరేసరికి సూచీ కుప్పకూలిపోయింది. అయినా కారు కోసం జనం లాటరీ చీటీలు వేశారు.

పేరు నాటకాల్లోంచి వచ్చింది. ఫ్రెంచ్ రచయిత బోమార్షే సృష్టించిన తెలివైన మంగలి ఫిగారో. ఆ పాత్రతో మోజార్ట్ 1786లో, రోసీని 1816లో సంగీత నాటకాలు కట్టారు.

ఫోక్స్‌వ్యాగన్ న్యూ బీటిల్ 1997లో, బీఎండబ్ల్యూ మినీ 2001లో, ఫియట్ కొత్త 500 2007లో వచ్చాయి. పాత రూపాన్ని కొత్త బండికి తొడగడం వీటికి చాలా ముందే పైక్ బృందం చేసి చూపించింది. ఈ మాట ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

నిస్సాన్ దీన్ని జపాన్ బయట అమ్మనేలేదు. స్టీరింగ్ కుడివైపే ఉండటంతో పాత బండ్లుగా బ్రిటన్‌కి వేలల్లో వెళ్లాయి. బీబీసీ పిల్లల సీరియల్ 'ద సారా జేన్ అడ్వెంచర్స్'లో కథానాయిక నడిపేది ఫిగారోనే. అమెరికాలో 25 ఏళ్లు నిండిన విదేశీ బండ్లకు భద్రతా నిబంధనల అడ్డు తొలగుతుంది కాబట్టి 2016 నుంచి అక్కడికీ వెళుతున్నాయి. మన దేశంలో వాడిన కారు దిగుమతికి తయారై మూడేళ్లు దాటకూడదన్న నియమం ఉంది, కనుక 1991 బండికి ఆ దారి మూసుకున్నట్టే. దాని వంశంలోని నాలుగో తరం మైక్రా మాత్రం 2010 నుంచి చెన్నై పక్కన ఒరగడంలో తయారై హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద తిరిగింది.

బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్లు ఎవరైనా అమ్మకానికి ఉన్న ఫిగారోని చూడబోతుంటే కొన్ని చూసుకోండి. తలుపుల కింద, వెనక చక్రాల చుట్టూ తుప్పు ఉందేమో వేలితో తడిమి చూడాలి. కప్పు మూసి నీళ్లు పోయించి కార్పెట్ తడుస్తోందేమో పరీక్షించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నీలిపొగ వస్తే టర్బో మీద అనుమానం పెట్టుకోవాలి. అమెరికాలో అయితే మీ రాష్ట్రపు కాలుష్య నిబంధనలు ముందే కనుక్కోండి. క్రోమ్ ముక్కలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాకే బేరం మొదలుపెట్టండి.