పాదం ఎక్కడ పడుతోంది?

పోలీసు ఉద్యోగాల ప్రకటన వచ్చిందంటే చాలు, కాలేజీ మైదానాలు తెల్లవారుజామునే నిండిపోతాయి. తెలంగాణలో 2022 నియామకాల్లో కానిస్టేబుల్ అభ్యర్థుల్లో మగవాళ్లు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. ఈవెంట్స్ అని పిలిచే ఈ శారీరక పరీక్షలు దగ్గరపడే కొద్దీ గట్టు మీద నిలబడ్డవాళ్లు అరిచే మాట ఒకటే: "అంగ పెద్దగా వెయ్యి!" మోకాలికీ ముంగాలికీ ఇంతకంటే చెడ్డ సలహా లేదు.

అంగ పొడవును నిమిషానికి పడే అడుగులతో గుణిస్తే వచ్చేదే వేగం. ఆ లెక్కన అంగ సాగితే వేగం పెరగాల్సిందే. పెరుగుతుంది కూడా, కాకపోతే ఆ పొడవు వెనక కాలు నేలను బలంగా తన్నడం వల్ల రావాలి. ముందు కాలు చాచి తెచ్చుకున్న పొడవుతో లాభం లేదు. పాదం నడుముకు బాగా ముందు పడితే నేల మనిషిని వెనక్కి నెడుతుంది. పోయిన ఆ వేగాన్ని రాబట్టడానికి ప్రతి అడుగులోనూ కండరాలు మళ్లీ శ్రమపడాలి.

దెబ్బలు తగిలేదీ అక్కడే. పరుగులో పాదం నేల మీద ఉండేది సుమారు పావు సెకను. ఆ కాసేపట్లోనే శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. మోకాలు కాస్త వంగి ఉంటే తొడ, పిక్క కండరాలు ఆ భారాన్ని పంచుకుంటాయి. కాలు చాచి మడమ దించితే ఆ అవకాశం తగ్గిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 7 నిమిషాల 15 సెకన్లలో 1600 మీటర్లు దాటే కుర్రాడు నిమిషానికి 160 అడుగులు వేస్తే ఒక్కో అంగ 138 సెంటీమీటర్లు. 170 వేస్తే 130. వేగం అదే, అంగ మాత్రం 8 సెంటీమీటర్లు తగ్గింది. మొత్తం అడుగులు 70 పైచిలుకు పెరిగాయి కదా, భారం కూడా పెరగదా? పెరగదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 45 మందిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వేగం మార్చకుండా అడుగుల సంఖ్యను 5 శాతం పెంచితే, ఒక్కో అడుగులో మోకాలు తట్టుకోవాల్సిన శక్తి ఐదో వంతు దాకా తగ్గింది.

నిమిషానికి 180 అడుగులు అన్న అంకె చాలామంది నోట వినిపిస్తుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ లెక్కపెట్టిన అంకె అది. పోటీ వేగంతో దూసుకెళ్లే మేటి రన్నర్లది. మీ ఎత్తుకూ మీ వేగానికీ అదే సరిపోవాలని లేదు. కుడి పాదం 30 సెకన్లలో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆ అంకె మీద 5 శాతం పెంచితే చాలు.

స్నేహితుడి చేత పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. పాదం నేలను తాకిన క్షణం దగ్గర ఆపి చూడండి. మడమ మోకాలికి దాదాపు సూటిగా కింద ఉంటే పరుగు బాగున్నట్టే. మోకాలిని దాటి ముందుకు పోయి, బూటు అడుగుభాగం ఎదుటివాళ్లకు కనిపిస్తుంటే అంగ అతిగా సాగుతున్నట్టు.

మడమ మీద దిగాలా, మునివేళ్ల మీదా అన్న చర్చ ఎడతెగనిది. నా మట్టుకు దాన్ని అలా వదిలేయడమే మేలనిపిస్తుంది. మునివేళ్ల మీదికి మారితే మోకాలి భారం కొంత తగ్గుతుంది గానీ, అది పిక్క మీదికీ, మడమ వెనక ఉండే అఖిలిస్ స్నాయువు మీదికీ చేరుతుంది. ఆ స్నాయువు స్ప్రింగులా సాగి, దాచుకున్న శక్తిని తిరిగి ఇస్తుంది. అలవాటు లేని భారాన్ని ఒక్కసారిగా మోపితే వాస్తుంది.

ఏ మార్పైనా వారాల తరబడి కొద్దికొద్దిగా చేసుకోవాలి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం అమాంతం పెంచేవాళ్లకే ముంగాలి నొప్పి ఎక్కువ. ఆ నొప్పి కాలి పొడుగునా కాకుండా ఒక్క చోటే ఉండి, వేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనైతే, అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో ఆ చీలిక కనిపించకపోవచ్చు కూడా.