ఇంటిని వెచ్చబరచే గొట్టాలు: రాగి మేలా, ప్లాస్టిక్కు మేలా?

శీతల దేశాలలో ఇంటికి గోడలు, పైకప్పు ఎంత అవసరమో వెచ్చదనం కూడా అంత అవసరం. బ్రిటన్ దేశంలో ఒకప్పుడు గదికొక పొయ్యి ఉండేది. అందులో బొగ్గు మండించి, ఇంటిల్లిపాదీ దానిచుట్టూ చేరి చలి కాచుకునేవారు. పొయ్యి వెలిగించని గదిలో అడుగు పెట్టడమే కష్టంగా ఉండేది. 1970 ప్రాంతంలో కూడా ఆ దేశంలో కేంద్ర తాపన ఏర్పాటు ఉన్న ఇళ్ళు మూడో వంతుకు మించలేదు. నేడు నూటికి తొంభైకి పైగా ఇళ్ళలో ఈ ఏర్పాటు ఉన్నది.

కేంద్ర తాపనమంటే ఇంట్లో ఒకేచోట నీటిని కాచి, ఆ వేడిని గదిగదికి పంపడం. బాయిలరులో వేడెక్కిన నీటిని ఒక చిన్న పంపు గొట్టాలలోకి తోస్తుంది. ఆ నీరు ప్రతి గదిలోను గోడకు అమర్చిన రేడియేటరు అనే ఉక్కు పలకలోనుంచి ప్రవహించి, వేడిని గదికి అప్పగించి, చల్లబడి తిరిగి బాయిలరుకు చేరుతుంది. దేహంలో గుండె, రక్తనాళాలు చేసే పనివంటిదే ఇది. ఈ నీరు బయటికి పోదు. కొత్త నీరు లోపలికి రాదు. అదే నీరు ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఈ విషయం బాగా గుర్తుంచుకోవాలి. మున్ముందు దీనితో పని ఉన్నది.

ఈ ఏర్పాటుకు రక్తనాళాల వంటివైన గొట్టాలను దేనితో చేయాలి? చాలాకాలం రాగిదే రాజ్యం. ఇప్పుడు ప్లాస్టిక్కు గొట్టాలు దానికి పోటీగా నిలిచాయి. గొట్టాలు ఒకసారి నేలపలకల కిందికి పోతే, అర్ధ శతాబ్దం పాటు వాటిని ఎవరూ చూడరు. కనుక ఎన్నికలో పొరపాటు జరిగితే ఇల్లు తవ్వవలసి వస్తుంది.

రెండు పదార్థాలు

రాగి మూలకం. 1085 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరగదు. బాయిలరులోని నీరు దానికి లెక్కలోనిది కాదు. ప్లాస్టిక్కు గొట్టాల సంగతి వేరు. 1933లో ఇంగ్లండులో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే రసాయనికులు పాలిథీన్‌ను తయారుచేశారు. పాలిథీన్‌లోని అణువులు పొడవాటి దారాల వంటివి. వేడి తగిలితే అవి ఒకదానిపై ఒకటి జారి, గొట్టం మెత్తబడుతుంది. ఆ దారాలను అక్కడక్కడ అడ్డంగా ముడివేస్తే అవి జారలేవు. చేపలవలలో దారాలు ముడులతో నిలిచినట్లు నిలుస్తాయి. జర్మనీకి చెందిన థామస్ ఏంగెల్ 1960ల చివర ఇందుకొక పద్ధతి కనిపెట్టాడు. ఇట్లా తయారైనదే అడ్డుముడుల పాలిథీన్. పాలిబ్యుటిలీన్ అనే మరొక ప్లాస్టిక్కును కూడా బ్రిటన్‌లో విరివిగా వాడుతున్నారు.

వేడి ఎందులోనుంచి ఎక్కువ పోతుంది?

రాగి మంచి ఉష్ణవాహకమని, ప్లాస్టిక్కు కాదని పాఠశాల విద్యార్థులందరికీ తెలుసు. రాగి ఉష్ణవాహకత అడ్డుముడుల పాలిథీన్ కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. అందుచేత రాగి గొట్టాలలోనుంచి వేడి దారిలోనే పోతుందని, ప్లాస్టిక్కు గొట్టం దానిని దాచిపెడుతుందని చాలామంది అనుకుంటారు. లెక్కవేసి చూస్తే ఈ ఊహ నిలవదు.

గొట్టంలోని వేడి బయటి గాలిలో కలవాలంటే రెండు అడ్డంకులు దాటాలి. మొదటిది గొట్టపు గోడ. రెండవది గొట్టాన్ని అంటిపెట్టుకొని ఉండే పలుచని గాలిపొర. గాలి మిక్కిలి అధమ వాహకం. 15 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్కు గొట్టం విషయంలో మొత్తం అడ్డంకిని నూరు పాళ్ళనుకుంటే గోడ వంతు సుమారు 5 పాళ్ళు మాత్రమే. తక్కిన 95 పాళ్ళు గాలిపొరదే. రాగి గొట్టంలో గోడ వంతు దాదాపు సున్న. కనుక 60 డిగ్రీల నీరు ప్రవహించే గొట్టం 20 డిగ్రీల గదిలో ఉంటే, రాగిదైనా ప్లాస్టిక్కుదైనా మీటరుకు ఇంచుమించు 18, 19 వాట్ల చొప్పున వేడి పోగొట్టుకుంటుంది. ఇరుకు వంతెనకు ముందున్న బాటను ఎంత వెడల్పు చేసినా, వంతెన దాటే బండ్ల సంఖ్య పెరగదు కదా!

ఇంకొక విశేషం. చింతపండుతో తోమిన రాగి బిందె వలె మెరిసే ఉపరితలం వికిరణం ద్వారా చాలా తక్కువ ఉష్ణాన్ని వెలువరిస్తుంది. అందువల్ల కొత్త రాగి గొట్టం ప్లాస్టిక్కు గొట్టం కన్నా కూడా తక్కువ వేడిని పోగొట్టుకోవచ్చు. ముట్టుకుంటే మాత్రం రాగి ఎక్కువ కాలుతుంది. చేతికి వేడిని చప్పున అందించడమే ఇందుకు కారణం. ముట్టుకున్నప్పటి అనుభవం వేరు, ఉష్ణనష్టం వేరు. వేడి వృథా కాకూడదంటే ఏ గొట్టానికైనా పైన ఉష్ణరోధక తొడుగు వేయవలసినదే.

వ్యాకోచం, అతుకులు

వేడికి రెండూ సాగుతాయి. 10 మీటర్ల గొట్టం 60 డిగ్రీలు వేడెక్కితే రాగి సుమారు 1 సెంటీమీటరు, అడ్డుముడుల పాలిథీన్ సుమారు 9 సెంటీమీటర్లు పొడవు పెరుగుతాయి. గోడమీద బిగించిన ప్లాస్టిక్కు గొట్టం అందువల్లనే వంకర టింకరగా వేలాడి చూపుకు బాగుండదు. ఐతే అది మెత్తనిది కనుక సాగినా పక్కనున్న కొయ్యను గట్టిగా నెట్టదు. రాగి గొట్టం కొయ్య దూలానికి ఒరుసుకుంటే, బాయిలరు వెలిగించినప్పుడల్లా టకటకమని చప్పుడు చేస్తుంది.

నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు నూటికి 9 వంతులు పెరుగుతుంది. రాగి గొట్టం ఆ ఒత్తిడికి పగలవచ్చు. ప్లాస్టిక్కు గొట్టం కొంత సాగి, మంచు కరిగాక మళ్ళీ ముడుచుకుంటుంది. మంచు దేశంలో ఇది చిన్న లాభం కాదు.

రాగి గొట్టాలను మాటువేసి అతుకుతారు. గొట్టాన్ని శుభ్రంచేసి, అతుకు తొడిగి, మంటతో వేడిచేసి, మాటులోహాన్ని అంచున తాకిస్తారు. కరిగిన లోహం గొట్టానికి, అతుకుకు మధ్యనున్న సన్నని సందులోకి దానంతట అదే పాకుతుంది. కిందనుంచి పైకి కూడా ఎక్కుతుంది. దీపపు వత్తిలో నూనె ఎక్కించే కేశాకర్షణ శక్తే ఇక్కడా పనిచేస్తుంది. బాగా వేసిన మాటు గొట్టమంత కాలం మన్నుతుంది. కాని కొయ్య ఇంట్లో నేలపలకల కింద మంట వాడడం ప్రమాదం. పైగా ఈ పనికి చేయి తిరిగిన పనివాడు కావాలి.

ప్లాస్టిక్కుకు మంట అక్కరలేదు. గొట్టాన్ని అడ్డంగా తిన్నగా కోసి, కొసలో నలగకుండా ఒక గట్టి గొట్టపుముక్కను దూర్చి, అతుకులోకి నెడితే చాలు. లోపలి పళ్ళ చక్రం గొట్టాన్ని పట్టుకుంటుంది. రబ్బరు చుట్ట నీటిని ఆపుతుంది. లోపలి ముక్కను మరచినా, గొట్టాన్ని వంకరగా కోసినా, చివరిదాకా నెట్టకపోయినా కొంతకాలానికి కారుతుంది. ఐతే చుట్టగా వచ్చే ప్లాస్టిక్కు గొట్టాన్ని దూలాల రంధ్రాలలోనుంచి తీగవలె లాగవచ్చు. రాగికి ఐదారు అతుకులు కావలసిన చోట దీనికి ఒక్కటీ అవసరం లేకపోవచ్చు. లేని అతుకు ఎన్నడూ కారదు!

లోపలి వ్యాసం

పైకి రెండూ 15 మిల్లీమీటర్ల గొట్టాలే. రాగి గోడ మందం 0.7 మిల్లీమీటరు. కనుక లోపలి వ్యాసం 13.6 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్కు అంత బలమైనది కాదు కనుక గోడ మందంగా ఉండాలి. లోపలి వ్యాసం సుమారు 11.6 మిల్లీమీటర్లే మిగులుతుంది. నీరు పారే వైశాల్యం రాగిలోని దానికి ముప్పాతిక వంతు కూడా ఉండదు. అంతే నీటిని పంపాలంటే పంపు సుమారు రెట్టింపు నిరోధాన్ని ఎదుర్కోవాలి.

ఇది నేడు మరింత ముఖ్యమైనది. గ్యాసు బాయిలరుకు బదులు ఉష్ణ పంపులను అమర్చే పద్ధతి బ్రిటన్‌లో వ్యాపిస్తున్నది. బాయిలరు ఏర్పాటులో నీరు ఇల్లంతా తిరిగి వచ్చేసరికి 20 డిగ్రీలు చల్లబడేటట్లు చూస్తారనుకుందాం. అప్పుడు ఒక కిలోవాటు వేడిని మోయడానికి నిమిషానికి 0.7 లీటరు నీరు చాలు. ఉష్ణ పంపుతో ఆ తేడా 5 డిగ్రీలకు తగ్గుతుంది. కనుక నిమిషానికి 2.9 లీటర్లు, అనగా నాలుగు రెట్ల నీరు కావాలి. ఇవాళ పొదుపుకోసం సన్నని గొట్టం వేసినవారు రేపు ఉష్ణ పంపు పెట్టదలచినప్పుడు చిక్కుపడతారు.

కంటికి కనబడని చొరబాటుదారు

అన్నిటికన్నా ఆశ్చర్యకరమైన విషయం ఆమ్లజనికి సంబంధించినది. మొదట నింపిన నీటిలో కరిగి ఉన్న ఆమ్లజని కొద్దికాలంలోనే రేడియేటరు ఉక్కుతో కలిసిపోయి తరిగిపోతుంది. తిరిగేది అదే నీరు కనుక తుప్పు దాదాపు ఆగిపోతుంది. ఉక్కు రేడియేటర్లు దశాబ్దాలు నిలవడానికి ఇదే రహస్యం.

రాగిలోనుంచి ఆమ్లజని దూరదు. మామూలు ప్లాస్టిక్కులోనుంచి దూరుతుంది. లోపలి నీటి పీడనం బయటి గాలి పీడనం కన్నా ఎక్కువ కదా, ఆమ్లజని లోపలికి ఎట్లా వస్తుందని విద్యార్థి అడగవచ్చు. మంచి ప్రశ్న. వాయువు విసరణ చెందే దిశను నిర్ణయించేది మొత్తం పీడనం కాదు, ఆ వాయువు యొక్క పాక్షిక పీడనం మాత్రమే. బయటి గాలిలో ఐదో వంతు ఆమ్లజని. లోపలి నీటిలో అది ఇంచుమించు లేదు. కనుక నీటిని ఎంత ఒత్తిడిలో ఉంచినా ఆమ్లజని అణువులు ప్లాస్టిక్కు అణుదారాల సందులలోనుంచి లోపలికి జొరబడుతూనే ఉంటాయి. ఉక్కు తినివేయబడి, నల్లని బురద రేడియేటర్ల అడుగున పేరుకొని, పంపును అడ్డగిస్తుంది. నేలకింద వందల మీటర్ల ప్లాస్టిక్కు గొట్టం పరిచిన తొలినాటి తాపన ఏర్పాట్లలో ఈ బాధ బయటపడింది.

దీనికి విరుగుడుగా గొట్టంలో ఎథిలీన్ వినైల్ ఆల్కహాల్ అనే పదార్థపు పలుచని పొరనో, అల్యూమినియం రేకునో చేరుస్తారు. జర్మనీ ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల వద్ద ఘనపు మీటరు నీటికి రోజుకు 0.1 గ్రాముకు మించి ఆమ్లజని చొరబడరాదు. గొట్టాలలో 100 లీటర్ల నీరు ఉంటే ఏడాదికి సుమారు మూడున్నర గ్రాముల ఆమ్లజని అన్నమాట. అది తినగలిగే ఇనుము 8, 9 గ్రాములు మాత్రమే. నీటిలో తుప్పు నిరోధక ద్రవం కూడా కలిపితే భయమే ఉండదు. అడ్డుపొర లేని గొట్టాన్ని మాత్రం తాపనానికి వాడరాదు.

ఏది ఎక్కడ?

అమెరికాలో 1978 మొదలు 1995 వరకు లక్షలాది ఇళ్ళకు మంచినీటి కోసం పాలిబ్యుటిలీన్ గొట్టాలు వేశారు. నీటిలోని క్లోరిన్ గొట్టాలను, ప్లాస్టిక్కు అతుకులను లోపలినుంచి పెళుసుబరచగా అవి పగిలాయి. 1995లో తయారీదారులు కోర్టు ఒప్పందం ప్రకారం భారీగా నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది. తాపనపు గొట్టాలలో కొత్త నీరు, దానితోపాటు క్లోరిన్, నిత్యం రావు కనుక పరిస్థితి వేరు. అయినా పదార్థాన్ని అది పనిచేసే పరిసరాలతో కలిపి పరీక్షించాలని ఈ అనుభవం నేర్పింది.

ప్లాస్టిక్కుకు ఎండ పడదు. అతినీలలోహిత కిరణాలు దానిని పాడుచేస్తాయి. ఎలుకలు దానిని కొరుకుతాయి. రాగి ఖరీదు ఎక్కువ. కాని పాతబడినా కరగించి మళ్ళీ వాడవచ్చు. అణుదారాలు ముడిపడిన పాలిథీన్ మళ్ళీ కరగదు.

అందువల్ల అనుభవజ్ఞులు రెండింటినీ కలిపి వాడుతున్నారు. మిక్కిలి వేడిగా ఉండే బాయిలరు దగ్గర మొదటి మీటరు, కంటికి కనబడే చోట్లు, ఎక్కువ నీరు పారే ప్రధాన మార్గం రాగికి వదలుతారు. నేలపలకల కింద, దూలాల మధ్య అతుకులేని ప్లాస్టిక్కు గొట్టాన్ని లాగుతారు. నేలను వెచ్చబరచే ఏర్పాటుకు అడ్డుపొర గల ప్లాస్టిక్కే తగినది.

మన తెలుగునాట ఇంటిని వెచ్చబరచే అవసరం లేదు. కాని స్నానాలగదికి వేడినీరు తెచ్చే గొట్టాలు ఇప్పుడు మన ఇళ్ళలోను ప్లాస్టిక్కువే. అవి ఎంత వేడిని ఓర్వగలవో, ఎంత సాగుతాయో, ఎండలో ఉంచవచ్చునో లేదో తెలుసుకొని మరీ అమర్చుకోవడం మంచిది. ఏ పదార్థమూ అన్నిచోట్లా ఉత్తమం కాదు; దాని గుణాలకు తగిన చోట దానిని ఉంచడమే నేర్పు.