గుండ్రంగా లేని పిస్టన్

పిస్టన్ గుండ్రంగా ఉండదు. ఈ మాట చెబితే మా తరగతిలో పిల్లలు నవ్వుతారు. చేతికిచ్చి కొలవమంటే నవ్వు ఆగిపోతుంది. అంబాసిడర్ పెట్రోలు ఇంజనులోంచి తీసిన పాత పిస్టన్ ఒకటి నా బల్లమీద ఎప్పుడూ ఉంటుంది. మైక్రోమీటరు ఒకవైపు పెడితే ఒక లెక్క వస్తుంది, తొంభై డిగ్రీలు తిప్పి పెడితే ఇంకో లెక్క. కింది అంచున ఉన్నంత వెడల్పు తల దగ్గర ఉండదు, దాదాపు అర మిల్లీమీటరు తగ్గుతుంది. "అరిగింది సార్, పారెయ్యాలె" అని తేల్చేశాడు జగిత్యాల పిలగాడొకడు. అది అరుగుదల కాదు. డబ్బా విప్పి తీసిన కొత్త పిస్టన్ కూడా అలాగే ఉంటుంది. కావాలనే దాన్ని వంకరగా చేస్తారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పాత అంబాసిడరో, పద్మినియో, కమాండర్ జీపో ఇంకా షెడ్డులో పెట్టుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. వెనక నీలం పొగ మొదలై, ఆయిలు తాగడం ఎక్కువైతే "బండి బోరుకొచ్చింది" అంటారు. ఇంజను దింపుతారు, హెడ్డు విప్పుతారు, నాలుగు పిస్టన్లూ గోనెపట్టా మీద వరసగా పడుకుంటాయి. అప్పుడు మొదలవుతుంది పంచాయితీ. ఇవే కడిగి మళ్లీ వేద్దామా, కొత్త సెట్టు తెద్దామా? పది మంది మెకానిక్కులను అడిగితే తొమ్మిది మంది కొత్తవే వేయమంటారు. వాళ్లు చెప్పేది చాలాసార్లు సరైనదే, కాని కారణం అడిగితే "పాతది పాతదే గదా" అంటారు. ఆ కారణం నాకు నచ్చదు. పిస్టన్ పాతదయినంత మాత్రాన చెడదు. అది ఎక్కడ చెడుతుందో తెలియాలంటే ముందు అదెలా బతుకుతుందో తెలియాలి.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజను మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నుంచి వచ్చిన బి.ఎం.సి. బి-సిరీస్. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచే దూరం, 88.9. నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పిస్టన్ నిమిషానికి 8,000 సార్లు పూర్తిగా ఆగి, వెనక్కి తిరిగి పరుగెత్తాలి. సిరిసిల్ల మరమగ్గంలో నాడె కూడా ఇదే పని చేస్తుంది, ఈ చివర ఆగి ఆ చివరికి. కాని నిమిషానికి అది ఆగి తిరిగే లెక్క పిస్టన్‌కు దగ్గరికి కూడా రాదు. పై కొసన పిస్టన్ ఆగి తిరిగే క్షణంలో దానిమీద పడే త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు వెయ్యి రెట్లు. కనెక్టింగ్ రాడ్డుకు తగిలించే పిన్నుతో కలిపి అరకిలో బరువుంటుందనుకుంటే, ఆ క్షణంలో ఆ రాడ్డును అర టన్ను బరువు లాగినట్టే. సరదాకు ఇంకో లెక్క. కోరుట్ల నుంచి జగిత్యాలకు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. అరగంట ప్రయాణమనీ, ఇంజను సగటున 2,500 చుట్ల మీద నడిచిందనీ అనుకుంటే, బండి రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు వెళ్లేసరికి పిస్టన్ తన సిలిండరులో పైకీ కిందికీ కలిపి పదమూడు కిలోమీటర్లు తిరిగేసి ఉంటుంది.

ఇంత పరుగు పెట్టేది తేలిగ్గా ఉండాలి. మొదట్లో అలా ఉండేది కాదు. పిస్టన్లను పోత ఇనుముతోనే పోసేవాళ్లు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కుటుంబపు పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. 1912 నాటి ఆ బండి ఇనుప పిస్టన్ల కాలానిది. ఇనుముది మంచి గుణమే. సిలిండరూ ఇనుమే, పిస్టనూ ఇనుమే, కాబట్టి వేడికి రెండూ ఇంచుమించు ఒకే తీరులో ఉబ్బుతాయి, గొడవ లేదు. అల్యూమినియం పేరెత్తితే ఆనాటి ఇంజనీర్లు వద్దనేవాళ్లు. మెత్తన, తొందరగా కరుగుతుంది, ఇనుముకు రెట్టింపు ఉబ్బుతుంది అని వాళ్ల వాదన. మూడు మాటలూ నిజమే.

1913లో వాల్టర్ ఓవెన్ బెంట్లీ ఫ్రాన్సులో డి.ఎఫ్.పి. కార్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఆ కార్లను అతనూ అతని సోదరుడూ కలిసి లండన్‌లో అమ్మేవాళ్లు. అక్కడి ఆఫీసులో బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టిన బొమ్మ పిస్టన్ ఒకటి అతని కంటపడింది. అల్యూమినియంతో చేసింది. బొమ్మ కోసం చేసినదాన్ని ఇంజనులో ఎందుకు పెట్టకూడదని అతనికి తోచింది. 88 పాళ్లు అల్యూమినియం, 12 పాళ్లు రాగి కలిపి పిస్టన్లు పోయించాడు. ఆ డి.ఎఫ్.పి. కారు బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకు మీద రికార్డులు పెట్టింది. రహస్యం మాత్రం గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే తనే వెళ్లి బ్రిటిష్ నౌకాదళానికి చెప్పాడు, వాళ్లు రోల్స్ రాయిస్ దగ్గరికి పంపారు. విమాన ఇంజన్లలోకి అల్యూమినియం పిస్టన్లు అలా వచ్చాయి. బెంట్లీ పేరు చెబితే లోకానికి పెద్ద పెద్ద కార్లు గుర్తొస్తాయి. నన్నడిగితే అతను చేసిన అసలు పని ఈ పిస్టనే.

ఇక్కడికి రాగానే క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఉంది. "సార్, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతది గదా. లోపల మంట రెండు వేల డిగ్రీలంటిరి. మరి పిస్టన్ ఎందుకు కరుగుతలేదు?" చాలా మంచి ప్రశ్న. పైగా పిస్టన్ల కోసం సిలికాన్ కలిపిన అల్యూమినియం ఇంకా ముందే, 580కి అటూ ఇటుగా కరగడం మొదలుపెడుతుంది. అయినా పిస్టన్ తల వేడి సాధారణంగా 250, 300 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. మంట ఉండేది నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదానిలో, అదీ కాసేపే. కాలిన వాయువు బయటికి పోగానే చల్లటి గాలీ పెట్రోలూ వచ్చి తలను తడిపిపోతాయి. పోత ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడిని మూడు రెట్లు వేగంగా పక్కకు పంపేస్తుంది. వేడి ఎక్కడా పేరుకోదు. పక్కకు పంపాక ఎక్కడికి పోతుంది? రింగుల గుండా సిలిండరు గోడకు, అక్కణ్నుంచి రేడియేటరు నీళ్లకు. సగానికి పైగా వేడి వెళ్లేది రింగుల దారినే.

రింగంటే గాలి బయటికి పోకుండా ఆపే అడ్డు అని మాత్రమే అనుకుంటాం. అది ఆపే తీరు చూడండి. 1850ల్లో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లీషు రైల్వే ఇంజనీరు ఆవిరి ఇంజన్ల కోసం చీలిక ఉన్న లోహపు రింగు చేశాడు. అంతకుముందు నార తాళ్లకు కొవ్వు పూసి పిస్టన్ చుట్టూ ఉన్న గాడిలో కుక్కేవాళ్లు. రింగుకు సొంత స్ప్రింగు బలం కొంతే ఉంటుంది. మండిన వాయువు రింగు పైనున్న సన్న సందులోంచి గాడిలోకి దూరి, రింగు వెనక్కి చేరి, దాన్ని గోడకేసి నొక్కుతుంది. పీడనం పెరిగేకొద్దీ రింగు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. తప్పించుకోవాలని చూసే వాయువే తన దారిని తానే మూసుకుంటుందన్నమాట. ఇది పని చేయాలంటే గాడిలో రింగు పక్క సందు సరిగ్గా ఉండాలి. సందు బాగా తక్కువైతే కార్బన్ పట్టి రింగు బిగుసుకుంటుంది. ఎక్కువైతే పైకీ కిందికీ కొట్టుకుంటూ గాడిని ఇంకా వెడల్పు చేస్తుంది, వాయువు అంచుల వెంట కిందికి జారిపోతుంది, వేడి గోడకు చేరే దారి కూడా తెగుతుంది.

ఇప్పుడు వంకర సంగతి. 73 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క 220 డిగ్రీలు వేడెక్కితే 0.32 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఇనుప సిలిండరు వంద డిగ్రీలు వేడెక్కి ఉబ్బేది 0.08 మాత్రమే. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ గోడకూ మధ్య మనమిచ్చే సందు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. లెక్క ప్రకారం ఇంజను పది నిమిషాల్లో పట్టేయాలి. అందుకే బాగా వేడెక్కే తలను ముందే చిన్నగా చేస్తారు, చల్లగా ఉండే కింది స్కర్టును పెద్దగా ఉంచుతారు. పిన్ను దూర్చే చోట రెండు వైపులా లోహం మందంగా ఉంటుంది కాబట్టి పిన్ను వెంబడి ఉబ్బడం ఎక్కువ. పైగా మంట దెబ్బకు తల పిన్ను మీద వంగి స్కర్టును అటే సాగదీస్తుంది. కాబట్టి ఆ దిక్కున తగ్గించి, దానికి అడ్డంగా ఉన్న దిక్కున నిండుగా వదిలి, కోలగా సాన పడతారు. బండి వేడెక్కాక ఈ కోల పిస్టన్ గుండ్రం అవుతుంది. తల నుంచి వేడి కిందికి దిగకుండా కొందరు స్కర్టుకు చీలికలు కోశారు, ఇంకొందరు లోపల తక్కువ ఉబ్బే ఉక్కు పలకలు పోతలోనే పెట్టారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటక కొట్టి, వేడెక్కాక మానేసే పాత బండి ఉంటే భయపడకండి. పిస్టన్ ఇంకా కోలగానే ఉందని చెబుతోంది, అంతే. వేడెక్కాక కూడా కొడుతుంటే మాత్రం విప్పాల్సిందే.

విప్పాక మొదట చూడాల్సింది పిస్టన్ కాదు, బోరు. గోడ అన్నిచోట్లా ఒకేలా అరగదు. పై రింగు ఆగి తిరిగే చోట పీడనం ఎక్కువ, వేగం సున్నా, ఆయిలు పొర నిలవదు. అక్కడ గొయ్యి పడుతుంది, దాని పైన రింగు తగలని చోట ఒక మెట్టు మిగిలిపోతుంది. గోరు పెడితే తగులుతుంది. పాత రింగు అంచు ఆ మెట్టుతోపాటే అరిగి గుండ్రబడి ఉంటుంది. కొత్త రింగు అంచు చతురస్రంగా ఉంటుంది, పైకి వెళ్లి మెట్టును గుద్దుతుంది. "రింగులు మార్చినం సార్, నెల తిరగకముందే విరిగినయ్" అనే కథల వెనక ఎక్కువగా ఈ మెట్టే ఉంటుంది. దాన్ని కోయకుండా రింగులు మార్చడం డబ్బు దండగ.

బోరు అరుగుదల 0.15, 0.2 మిల్లీమీటర్లు దాటితే ఇక చర్చ లేదు. రీబోరు చేయాలి, పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. లేత్ షాపులో పది థౌ, ఇరవై, ముప్పై, నలభై అంటారు. పది థౌ అంటే పావు మిల్లీమీటరు. నలభై కూడా అయిపోతే లైనరు వేసి మళ్లీ స్టాండర్డుకు రావాలి. మంచి లేత్ మనిషి ముందు పిస్టన్లు తెమ్మంటాడు. వాటిని ఒక్కొక్కటీ కొలిచాకే బోరు ముట్టుకుంటాడు, ఏ పిస్టన్ ఏ సిలిండరుకో అంకె వేస్తాడు. పిస్టన్లు లేకుండానే బోరు కొట్టి పెడతాననే షాపుకు నేనైతే బ్లాకు ఇవ్వను.

బోరు బాగుంటే అప్పుడు పాత పిస్టన్‌కు పరీక్ష. పాత రింగును విరిచి, ఆ విరిగిన కొసతోనే గాడిలోని కార్బన్ గీకండి. లోహం గీకొద్దు. కొత్త రింగు గాడిలో పెట్టి పక్కన ఫీలర్ గేజి దూర్చండి. 0.15 మిల్లీమీటర్ల ఆకు సులువుగా దూరితే ఆ పిస్టన్ పని అయిపోయింది. స్కర్టు ఎంత మెరుస్తున్నా సరే, పై గాడి పోతే అన్నీ పోయినట్టే. తర్వాత స్కర్టును పిన్నుకు అడ్డంగా, కింది అంచు దగ్గర కొలవండి. బాగా వేడెక్కి నలిగిన పిస్టన్ అక్కడ ముడుచుకుపోతుంది. స్కర్టు మీద నిలువు గీతలు, పిన్ను రంధ్రం చుట్టూ వెంట్రుకంత బీటలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ఇవన్నీ దాటితే, ఇరవై ఏళ్లు నడిచిన అసలు పిస్టన్, బజారులో పేరు తెలియని డబ్బాలో దొరికే కొత్తదానికంటే మేలని నా నమ్మకం. ముడుచుకున్న స్కర్టుకు గరుకు గాట్లు పెట్టి వెడల్పు చేసే పాత చిట్కా ఒకటుంది. కొన్నాళ్లు శబ్దం ఆగుతుంది. అంతకుమించి దానికి విలువ లేదు.

బెంట్లీ తర్వాతి చరిత్ర పెద్దగా చెప్పను. 1949లో చెన్నైలో ఇండియా పిస్టన్స్ వచ్చింది, దిగుమతుల అవసరం తగ్గుతూ పోయింది. 1990ల్లో అంబాసిడర్‌కు ఇసుజు ఇంజను వచ్చింది, 2014లో ఉత్తర్‌పాడాలో బండి తయారీయే ఆగిపోయింది. స్కర్టులకు గ్రాఫైటు పూతలు, కింది నుంచి ఆయిలు చిమ్మే జెట్లు వచ్చాయి. విచిత్రం ఏమిటంటే పెద్ద డీజిల్ లారీల్లో పీడనం మరీ పెరిగిపోయి అల్యూమినియం తట్టుకోలేక, ఇప్పుడు ఉక్కు పిస్టన్లు తిరిగొచ్చాయి. బెంట్లీ ఓడించిన ఇనుముకు ఇది దగ్గరి బంధువే.

మళ్లీ మన షెడ్డుకు వద్దాం. నాలుగు పాత పిస్టన్లలో మూడు పరీక్ష దాటి ఒకటి పోతే? దుకాణంలో విడిగా ఒకటి దొరికినా బరువు కలవకపోతే ఇంజను వణుకుతుంది. కోరుట్లలో బంగారం దుకాణం కాటా మీద నాలుగూ పిన్నులతో సహా తూచండి. తేడా మూడు నాలుగు గ్రాములు దాటితే, బరువైనదాని లోపలి వైపు, కింది అంచు దగ్గరున్న అదనపు లోహాన్ని ఆకురాయితో కొంచెం కొంచెంగా తీసి మళ్లీ తూచాలి. తలనూ, గాళ్లనూ, స్కర్టు బయటి ముఖాన్నీ ముట్టుకోకూడదు. అంత ఓపిక లేకపోతే నాలుగూ కలిపి కొత్త సెట్టు కొనడమే మంచిది.