ఫొటోలో మనవాడు కనిపిస్తే...

మే నెల ఆఖరు వారమంటే కోనసీమలో ఏ ఇంట చూసినా ఆవకాయ హడావుడే. కాయ కొట్టించడం, ముక్కలు తుడిచి ఆరబెట్టడం, ఆవపిండికి ఎండ చూసుకోవడం... 2022లోనూ అలాగే మొదలైంది. కానీ మే 24 సాయంత్రానికి అమలాపురంలో జాడీల సంగతి ఎవరికీ గుర్తులేదు. జిల్లా పేరు మార్పు మీద మొదలైన ఆందోళన కాస్తా చెయ్యిదాటిపోయింది. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ గారి ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాల్చారు. 144వ సెక్షన్ వచ్చింది. సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్టు ఇంచుమించు రెండు వారాలు ఆగిపోయింది.

ఆ తరువాత పోలీసులు సీసీ కెమెరాల్లో పడ్డ దృశ్యాలు, వీడియోలు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన సందేశాలు ముందు వేసుకుని ఒక్కొక్క ముఖాన్నే పోల్చుకుంటూ వచ్చారు. అరెస్టయినవాళ్ల సంఖ్య రెండు వందలు దాటింది. వాళ్లలో చాలామంది చదువుకునే కుర్రాళ్లు, అప్పుడప్పుడే ఉద్యోగాల వేటలో పడ్డవాళ్లు. ఊళ్లో నెట్టు లేదు గనుక కన్నతల్లి చూడలేని ఫొటోను హైదరాబాదులో ఉన్న మేనమామ, మస్కట్‌లో ఉన్న పిన్ని కొడుకు ముందే చూడగలిగిన రోజులవి.

ఇళ్లు తగలబెట్టినవాళ్లను వెనకేసుకురమ్మని ఈ మాట చెప్పడం లేదు. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లూ ఆడవాళ్లే, పిల్లలే. తప్పు చేసినవాడు కోర్టుకు జవాబు చెప్పుకోవలసిందే. కానీ జవాబు చెప్పుకోవలసింది కోర్టుకు. వీధి చివర కిరాణాకొట్టు దగ్గర నిలబడి సెల్‌ఫోను చేతులు మార్చుకునే నలుగురికీ కాదు. ఈ తేడా మనకు తెలిసి ఉంటే, రేపు ఏ గొడవలోనో, ఏ సంక్రాంతి కోడిపందెం బరి దగ్గరో, ఏ కొబ్బరితోటలో పేకాట దగ్గరో మన ఇంటి మనిషి ఫొటో బయటికొచ్చినప్పుడు కాళ్లూ చేతులూ ఆడతాయి.

పేకాట అంటే గుర్తొచ్చింది. ‘పేకాటరాయుళ్ల అరెస్టు’ అని జిల్లా పేజీలో శీర్షిక. కింద వరసగా నిలబడ్డ ఎనిమిది మంది, ముందు పేకముక్కలు, డబ్బు, సెల్‌ఫోన్లు. చదివేవాళ్లకు కాస్త నవ్వు కూడా వస్తుంది. ఆ ఎనిమిదిమందిలో ఒకరు మీ ఆయనైతే? జరిమానా కట్టి ఆయన సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. ఫొటో మాత్రం ఎన్నాళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. పదేళ్ల తరవాత పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివాళ్లు ఫోనులో పేరు కొట్టి చూస్తే ముందు అదే వస్తుంది.

పోలీసుల దగ్గరి ఫొటో వేరు, జనంలో తిరిగే ఫొటో వేరు

అరెస్టు చేసినప్పుడు ఫొటో, వేలిముద్రలు తీసుకునే అధికారం పోలీసులకు ఉంది. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం ఆ వివరాలు 75 ఏళ్లు భద్రంగా ఉంచుతారు. డెబ్భై అయిదేళ్లా అని గుండె పట్టుకోకండి. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. అంతకుముందు శిక్ష పడని మనిషిని విచారణ లేకుండా వదిలేసినా, కోర్టు నిర్దోషి అన్నా, మేజిస్ట్రేటు వేరే విధంగా ఆదేశిస్తే తప్ప ఆ వివరాలను చెరిపేయాలి. కేసు ముగిశాక లాయరుగారికి ఈ సంగతి గుర్తుచేయండి. చాలామంది కేసు పోయిందన్న సంతోషంలో దీన్ని వదిలేస్తారు.

ఇక జనంలోకి వెళ్లే ఫొటో. ప్రెస్‌మీట్‌లో పోలీసు అధికారులు కుర్చీల్లో కూర్చోవడం, వెనక ముఖానికి గుడ్డ కప్పుకున్న మనుషులు వరసగా నిలబడడం మీరూ చూసే ఉంటారు. ఆ గుడ్డ ఊరికే కప్పరు. 2010 ఏప్రిల్ 1న కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సలహా పంపింది: అరెస్టయినవాళ్లను మీడియా ముందు ఊరేగించినట్టు నిలబెట్టకూడదు, సాక్షులు గుర్తుపట్టవలసిన కేసుల్లో ముఖం అసలే చూపించకూడదు అని. ఇందులో నిందితుడికి మేలు చేసే కిటుకు కూడా ఉంది. ముఖం ముందే టీవీలో చూసేసిన సాక్షి, తరవాత గుర్తింపు పరేడ్‌లో పోల్చుకున్నాడంటే దానికి విలువేముంది? అందుకే ఫొటో ఏ రోజున, ఎక్కడ వచ్చిందో రాసిపెట్టుకుంటే లాయరుకు పనికొస్తుంది.

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా పోలీసుల మీడియా సమావేశాలకు ఒక పద్ధతి రాయమని కేంద్రానికి చెప్పింది. అంతకుముందు 2020 మార్చిలో లక్నోలో ఆందోళనకారుల ఫొటోలు, పేర్లు, చిరునామాలతో ప్రభుత్వం వీధుల్లో పెద్ద పెద్ద హోర్డింగులు పెడితే, అలహాబాదు హైకోర్టు వాటిని పీకించెయ్యమని ఆదేశించింది. చట్టం అండ లేకుండా మనిషి ఆంతరంగికతలో జోక్యం చేసుకోవడమే అది అని తేల్చింది.

అయితే ఒకటి. పేరు దాగదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరమేమిటన్నదీ స్టేషన్లో, జిల్లా కేంద్రంలో ప్రదర్శించాలి. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియడానికి అది ఉపయోగమే. గుట్టుగా ఎక్కడో కూర్చోబెట్టారంటే అదే అసలు ప్రమాదం.

మొదటి రోజు

అనుకుందాం. మధ్యాహ్నం మూడింటికి మీ చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, మన చిన్నోడి ఫొటో మా వీధి గ్రూపులో పెట్టారే. ఏంటే ఇది?" అప్పుడు మీరేం చేస్తారు? ముందు ఏడుపొస్తుంది. తరవాత కోపం. ఆ పెట్టినవాణ్ణి నాలుగు తిట్టి గ్రూపులోనే బదులివ్వాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. మీరు జవాబిచ్చిన ప్రతిసారీ ఆ ఫొటో మళ్లీ పైకొస్తుంది, చూడనివాళ్లు కూడా చూస్తారు.

చెల్లెలితో స్క్రీన్‌షాట్ తీయించండి. తేదీ, టైము, పంపినవాళ్ల నంబరు, గ్రూపు పేరు కనిపించాలి. తరవాత ఆ పెట్టినవాళ్లకు విడిగా ఫోను చేయించండి. మన ఊళ్లలో ఎవరో ఒకరు తెలిసినవాళ్లే ఉంటారు. "బాబూ, ఇంకా కోర్టు ఏమీ తేల్చలేదు, అందరికీ తొలగించు" అని మర్యాదగా అడిగితే సగం మంది తీసేస్తారు. గ్రూపు అడ్మిన్ కూడా సభ్యుడు పెట్టినదాన్ని తీసెయ్యగలడు. సభ్యుడు చేసిన తప్పుకు అడ్మిన్‌ను దానంతటదే దోషి అనలేమని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది గనుక, అడ్మిన్ను కేసు పెడతానని బెదిరించడం కన్నా అడగడమే మేలు.

ఈలోగా ఇంకెవరో ఒకరు స్టేషనుకు వెళ్లాలి. ఏ నేరం కింద తీసుకొచ్చారో కాగితం మీద తెలుసుకోండి. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. డబ్బు లేదని, లాయరు తెలియడని ఆగిపోకండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా సరే, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీ ఎక్కడని అడిగినా చెబుతారు.

తీసుకెళ్లింది ఆడమనిషినైతే మరో సంగతి. పొద్దుగుంకాక, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

ఫొటోలో ఉన్నవాడికి పద్దెనిమిదేళ్లు నిండలేదా? అప్పుడు లెక్కే మారిపోతుంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లవాడి పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ పత్రికలో గానీ టీవీలో గానీ మరోచోట గానీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పుట్టినతేదీ ఉన్న బడి సర్టిఫికెట్టు జిరాక్సు పట్టుకుని ఆ రోజే వెళ్లండి. ఆలస్యం చేస్తే "మాకేం తెలుసమ్మా, మీసాలున్నాయిగా" అంటారు.

తీయించడం ఎలా?

పత్రికలో వచ్చిందయితే ముందు ఎడిటరుకు ఉత్తరం రాయండి. తప్పు రాశారా, సవరణ అడగండి. వినకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక, వారపత్రిక విషయంలో రెండు నెలల్లోపు చెయ్యాలి, మరిచిపోకండి. యూట్యూబు ఛానళ్లకు ఈ కౌన్సిల్ వర్తించదు. వాటికీ ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికీ ఫిర్యాదుల అధికారి ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఆ పోస్టు పక్కనే ఉండే ‘రిపోర్టు’ నొక్కడంతో మొదలుపెట్టండి. మీ అమ్మాయో, ఎదురింటి ఇంటర్ కుర్రాడో అయిదు నిమిషాల్లో చేసిపెడతారు.

ఉన్న ఫొటోను మార్చి, వేరే ఒంటికి అతికించి, లేనిపోనివి రాసి తిప్పుతున్నారా? అది మామూలు వార్త కాదు, నేరం. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి, లేదా దగ్గరి స్టేషన్లో ఇవ్వండి. తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లు అక్కడ పనికొస్తాయి.

"మేడమ్, పదివేలు పంపితే మీ అబ్బాయి ఫొటో గూగుల్లోంచి మాయం చేస్తాం" అని ఫోనొస్తే పెట్టెయ్యండి. అమెరికాలో ఈ వ్యాపారం ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో అరెస్టు ఫొటోలు అందరికీ అందుబాటులో ఉంటాయి. వాటిని పోగేసి వెబ్‌సైటులో పెట్టడం, తీయడానికి డబ్బు గుంజడం. 2018లో కాలిఫోర్నియా ప్రభుత్వం అలాంటి సైటు నడిపేవాళ్ల మీదే కేసు పెట్టింది. డబ్బు అడిగే సైటు పేజీని తన వెతుకులాటలోంచి తొలగించమని గూగుల్‌కు మనమే ఉచితంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన పిల్లలు ఎందరో అక్కడున్నారు కాబట్టి ఇది తెలిసుండడం మంచిది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ పేరుతో అధికారులే పెట్టిన దొంగ విశ్వవిద్యాలయం వలలో 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఆ వారం ఇక్కడ ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించి ఉండరో!

గూగుల్లో కనిపించినంత మాత్రాన ఫొటో గూగుల్‌ది కాదు. మూలంలో, అంటే మొదట పెట్టినచోట తీయించాలి. అక్కడ పోయాక కూడా వెతుకులాటలో పాత ముక్క కనిపిస్తుంటే దాన్ని తీయించడానికి గూగుల్లో వేరే ఫారం ఉంది.

ఇవేవీ పనిచెయ్యకపోతే కోర్టు. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2021లో ఢిల్లీ హైకోర్టు, మాదకద్రవ్యాల కేసులో నిర్దోషిగా బయటపడినా నెట్టులో తీర్పు కనిపిస్తున్నందువల్ల ఉద్యోగం దొరకడం లేదని మొరపెట్టుకున్న భారతీయ సంతతి అమెరికా పౌరుడికి ఊరటనిచ్చింది. ఆ తీర్పు సెర్చిలో కనిపించకుండా చేయమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఇది అందరికీ దొరికే ఊరట కాదు. ఖర్చుతో, ఓపికతో కూడిన పని. నిర్దోషి అని తేలినవాళ్లకే దీనిలో బలం ఎక్కువ.

అడిగేవాళ్లకు ఏం చెప్పాలి?

నీళ్లు పట్టుకునే కుళాయి దగ్గర మొదలవుతుంది. "ఏవమ్మా, మీవాడి ఫొటో వచ్చిందటగా?" లేదండీ అంటే అబద్ధం, అవునంటే అవమానం. "అవునండీ పిన్నిగారూ, కేసు కోర్టులో ఉంది, లాయరుగారు చూస్తున్నారు" అనండి. అంతే. రెండో వాక్యం వద్దు. ఎవరు రెచ్చగొట్టారో, ఎవరు పట్టించారో, ఏ కులం వాళ్లో అన్న మాటలు మన నోట్లోంచి రాకూడదు. అవి కేసుకూ చెరుపే, ఊరికీ చెరుపే. 2022లో అమలాపురం తగలబడింది అలాంటి మాటలతోనే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకు ముందు మీరే చెప్పండి. బళ్లో ఎవడో ఫోను చూపించి చెప్పడం కన్నా, అన్నం పెడుతూ అమ్మ చెప్పడం నయం. నలుగురూ ఏమంటారోనని ఆడపిల్లను కాలేజీ మాన్పించడం మాత్రం నాకు బొత్తిగా నచ్చని పని. ఫొటో అన్నయ్యదైతే శిక్ష చెల్లెలికా?

పాస్‌పోర్టు, ఉద్యోగం కాగితాల్లో కేసు ఉందా అన్న గడి ఉంటుంది. గల్ఫుకు వెళ్లే తొందరలో ‘లేదు’ అని రాయించేస్తారు. పాస్‌పోర్టు ఫారంలో దాచడం కొత్త నేరమవుతుంది. ఉద్యోగాల విషయంలోనూ నిజం చెప్పాలని 2016లో సుప్రీంకోర్టు అంది. చిన్నపాటి కేసయితే యజమాని క్షమించవచ్చనీ అంది.

అమలాపురం కేసుల సంగతికొస్తే, 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు వాటిని ఉపసంహరిస్తామని ప్రకటించారు. టీవీలో ఆ మాట విని చాలా ఇళ్లలో ఊపిరి పీల్చుకుని ఉంటారు. కానీ ప్రకటన వేరు, కాగితం వేరు. ఏ కేసయినా ఉపసంహరించాలంటే ప్రాసిక్యూటరు కోర్టులో అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. ఆ ఉత్తర్వు మీ పిల్లవాడి పేరుతో ఉందా లేదా చూసుకోవాలి. ఉంటే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

కేసు ఏదైనా సరే, పోయిన రోజున తీసుకోవలసిన కాగితం అదే. దాని నకలు జతచేసి, అప్పట్లో ఫొటో వేసిన పత్రికకు, ఛానలుకు రిజిస్టరు పోస్టులో పంపండి. అరెస్టు వార్త ఎక్కడ వేశారో అక్కడే ఫలితం కూడా వెయ్యమని, నెట్టులో ఉన్న పాత వార్త కింద ఒక వాక్యం చేర్చమని రాయండి. పోస్టు రసీదు దాచండి. సర్టిఫైడ్ కాపీని లామినేషన్ చేయించకండి. అదనంగా ఒకటి రెండు కాపీలు తీసుకుని ఒకటి బీరువాలో, ఒకటి మీ పుట్టింట్లో ఉంచండి.