డ్రిల్లు పీరియడుపై చిన్నచూపు తగదు

పదో తరగతి రాగానే డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టరుకు అప్పగించడం చాలా బళ్లలో మామూలైపోయింది. తల్లిదండ్రులూ సంతోషిస్తారు. తెలుగు చెప్పుకునే లెక్చరరును నేను. గంటసేపు నిటారుగా కూర్చోలేని పిల్లలు ఏటా మా తరగతికి వస్తున్నారు గనుక ఈ నాలుగు మాటలు.

వ్యాయామ విద్య మనకు కొత్తది కాదు. మా రేణిగుంట నుంచి రైల్లో మూడు నాలుగు గంటల దూరంలోని మద్రాసులో 1920లోనే బక్ దొరగారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించారు. అంతకుముందే కోడి రామమూర్తినాయుడుగారు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొందారు. సర్కసులో గొలుసులు తెంచి కీర్తి గడించకముందు ఆయన విజయనగరంలో డ్రిల్లు మాస్టరే!

పరుగెత్తితే గుండెకు బలం, గెంతితే ఎముకకు బలం. ఒళ్లలిసిన పిల్లవాడికి కమ్మని నిద్ర పడుతుంది. మర్నాటి పాఠం తలకెక్కుతుంది. చెడుగుడులో ఔటైనవాడు మారుమాటాడకుండా బయటికి వెళ్లి కూర్చుంటాడు. ఆ నీతి ఏ పద్యమూ అంత త్వరగా నేర్పలేదు.

ఈడు వచ్చిందని ఆడపిల్లల ఆట మాన్పించే తల్లులు ఒకటి గమనించాలి. ఎముకలు గట్టిపడే వయసు సరిగ్గా అదే.

అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ఇక అడగవలసింది మనమే. ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు, "మావాడు ఈ వారం ఎంతసేపు ఆడాడండీ?" అనీ అడిగి చూడండి.