హెవీ మెటల్ మోతలో నాకు నచ్చిన దరువులు

"అదేం సంగీతమమ్మా, అటక మీది ఇత్తడి గిన్నెలన్నీ ఒక్కసారే కిందపడ్డట్టు!" హెవీ మెటల్ పేరెత్తితే చాలు, మన ఇళ్లల్లో వినిపించే మాట ఇదే. పొడుగు జుట్లు, నల్ల చొక్కాలు, గొంతు చించుకునే కేకలు... వీటిని చూసి చాలామంది గడప దగ్గరే ఆగిపోతారు. కానీ ఆ కేకల వెనకాల, స్టేజీ మీద అందరికంటే వెనక కూర్చుని, రెండు చేతులూ రెండు కాళ్లూ ఆడిస్తూ పాటనంతా మోసే మనిషి ఒకరుంటారు. ఆ మనిషే డ్రమ్మర్. పెళ్లి భోజనం బాగుందని అందరూ అంటారు గానీ వండిన చేతులెవరివని ఎంతమంది అడుగుతారు? డ్రమ్మర్ సంగతీ అంతే.

నేను హెవీ మెటల్ వినేది ఆ వెనక కూర్చున్నవాళ్ల కోసమే. పాటలో మాటలు సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. దరువు అర్థం కావడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు కదా!

మన చెవులకు కొత్తేం కాదు

అసలు మా హుజూర్‌నగర్ వైపు పుట్టి పెరిగిన వాళ్లకు పెద్ద మోత అంటే భయమెందుకుండాలి? పీర్ల పండుగ రాత్రి అలావా మంట చుట్టూ డప్పులు మోగుతుంటే పసిపిల్లలు కూడా అమ్మ చంకలో ఎగురుతారు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో కూడా జరిగింది. భేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు వేసుకున్న మగవాళ్లు "ఓ లింగా" అని అరుస్తూ గట్టెక్కుతారు. ఆడవాళ్లు నెత్తిన గంపలతో గుడి చుట్టూ తిరుగుతారు. ఆ భేరీ దెబ్బ చెవికి కాదు, ముందు గుండెల్లో తగులుతుంది. హెవీ మెటల్ డ్రమ్ముల్లో నాకు మొదట నచ్చింది కూడా ఆ గుండెల్లో తగిలే దెబ్బే.

డప్పు సంగతే తీసుకోండి. చెక్క వలయానికి మేకతోలు బిగించి, గడ్డిమంట మీద కాచి, ఒక చేత్తో సిర్ర, ఇంకో చేత్తో సిటికెన పుల్ల పట్టి కొడతారు. సిర్ర బరువైన దెబ్బ వేస్తే సిటికెన పుల్ల దాని సందుల్లో పరుగులు పెడుతుంది. అంత విద్య ఉన్నా, మాదిగ కళాకారుల చేతిలో ఉందని ఊరు దాన్ని దూరం పెట్టింది. చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించుకుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీద అదే డప్పు ముందు వరుసలో నిలబడింది. మోత మారలేదు, వినేవాళ్ల చూపు మారింది. హెవీ మెటల్‌ను "అల్లరి" అని తోసేసేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

కుట్టుమిషన్ తొక్కినట్టే

డ్రమ్ సెట్టు ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పుకుందాం. నేల మీద నిలబెట్టిన పెద్ద డ్రమ్ము బేస్ డ్రమ్. దాన్ని కుడికాలితో పెడల్ తొక్కి కొడతారు. కుట్టుమిషన్ తొక్కిన ఆడవాళ్లకు ఈ కాలి పని ఇట్టే పట్టుబడుతుందని నా నమ్మకం. 1909లో అమెరికాలో లుడ్విగ్ అన్నదమ్ములు మంచి పెడల్ తయారుచేసి అమ్మకానికి పెట్టాక, ఇద్దరు ముగ్గురు వాయించే పని ఒక్కరే కూర్చుని చేయడం తేలికైంది. మోకాళ్ల మధ్య ఉండేది స్నేర్. దాని అడుగున సన్నటి తీగలు బిగించి ఉంటాయి కాబట్టి కాచిన డప్పులా చుర్రుమంటుంది. ఎడమకాలి దగ్గర రెండు తాళాలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, అది హై-హ్యాట్. మన భజనలో తాళాలు చేసే పని అది చేస్తుంది. ఇవిగాక చుట్టూ చిన్నా పెద్దా టామ్‌లు, పైన సింబల్స్.

నాలుగు అవయవాలు నాలుగు పనులు చేయాలి, ఒకదాని లెక్క ఇంకోదానికి అడ్డు రాకూడదు. కాలితో ఉయ్యాల ఊపుతూ, ఒక చేత్తో పప్పు ఎనుపుతూ, ఇంకో చేత్తో పొయ్యి మంట తగ్గిస్తూ, చంటిదాని ఏడుపు ఆకలిదా నిద్రదా అని చెవులతో కనిపెట్టే తల్లులకు ఈ కష్టం వేరే చెప్పాలా?

యంత్రాల ఊరి నుంచి

నాకు నచ్చిన దరువుల్లో మొదటిది బ్లాక్ సబాత్ వాళ్ల 'వార్ పిగ్స్'. 1970లో వచ్చిన 'పారనాయిడ్' ఆల్బంలో మొదటి పాట. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరి నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు వీళ్లు. గిటార్ వాయించే టోనీ అయోమీకి పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీ మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు.

డ్రమ్ములు బిల్ వార్డ్‌వి. యుద్ధం చేయించే పెద్దమనుషుల మీద పాట అది. పాడేటప్పుడు గిటార్లు మాటిమాటికీ ఆగిపోతాయి. గొంతుకు తోడుగా హై-హ్యాట్ ఒక్కటే గడియారంలా టిక్ టిక్ అంటూ ఉంటుంది. అంత పెద్ద కోపాన్ని అంత చిన్న చప్పుడు మీద నిలబెట్టడం చూడండి! చిన్నప్పటి నుంచి జాజ్ విన్న చేయి కాబట్టి వార్డ్ దెబ్బ బిగుసుకుపోదు, ఊగుతుంది. 2025 జులై 5న అదే బర్మింగ్‌హామ్‌లో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. వార్డ్‌కు అప్పుడు 77 ఏళ్లు. పాడే ఓజీ ఆస్‌బోర్న్ ఆ నెలలోనే, 22న కన్నుమూశాడు.

ఒక సైనికుడి తల్లి వినాల్సిన పాట

రెండోది మెటాలికా వాళ్ల 'వన్'. 1988లో వచ్చింది. యుద్ధంలో కాళ్లు, చేతులు, చూపు, వినికిడి, మాట అన్నీ పోయి, ఆలోచన మాత్రం మిగిలిన సైనికుడి కథ. 1939లో అచ్చయిన డాల్టన్ ట్రంబో నవల దీనికి ఆధారం. పాట మెల్లగా, దాదాపు జోలపాటలా మొదలవుతుంది. నాలుగు నిమిషాలు దాటాక లార్స్ ఉల్రిచ్ రెండు కాళ్లతో బేస్ డ్రమ్ములను గుంపులు గుంపులుగా కొడతాడు. అచ్చం మిషన్‌గన్ పేలినట్టే. అక్కడ మాట లేకపోయినా ఆ సైనికుడికి ఏం జరిగిందో మనకు తెలిసిపోతుంది. కథ రాసేవాళ్లు పేజీ నిండా రాయాల్సింది రెండు కాళ్లు చెప్పేశాయి! కథలు రాసే నాకు అక్కడ కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది. 1990లో దీనికి గ్రామీ బహుమతి వచ్చింది. 2011 అక్టోబరులో వీళ్లు బెంగళూరు వచ్చి వాయించారు కూడా.

వేగం కావాలంటే స్లేయర్ వాళ్ల 'రెయిన్ ఇన్ బ్లడ్' వినాలి. 1986 నాటి ఆ ఆల్బం మొత్తం అరగంటకు లోపే అయిపోతుంది. క్యూబాలో పుట్టిన డేవ్ లాంబార్డో డ్రమ్మర్. మొదటి పాట చివర్లో మిగతా వాద్యాలన్నీ టక్కున ఆగి, కొన్ని క్షణాలు అతని రెండు కాళ్ల దెబ్బలు మాత్రమే వినిపిస్తాయి. మిల్లు ఆగిపోయాక కూడా చక్రం తిరుగుతున్నట్టుంటుంది. మాటలు మాత్రం భయంకరమైనవి, పిల్లలకు పెట్టేది కాదు. మనవాళ్లూ ఈ విద్యలో వెనకేం లేరు. హైదరాబాద్ నుంచి వచ్చిన 'గాడ్‌లెస్' బృందం 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బం తెచ్చింది. డ్రమ్మర్ అనికేత్ యాదవ్. ఈ వేగం మన పక్క ఊరి కాళ్లలోనూ ఉందని అది వింటే తెలుస్తుంది.

ఒక్క చేత్తో

నాకు అన్నిటికంటే ఇష్టమైన దరువు మాత్రం వేగానికి సంబంధించింది కాదు. డెఫ్ లెపర్డ్ అనే ఇంగ్లండు బృందంలో రిక్ ఆలెన్ డ్రమ్మర్. 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఎడమచేయి పోయింది. అప్పటికి అతనికి 21 ఏళ్లు. డ్రమ్మర్‌కు చేయి పోతే ఇంకేం మిగిలింది అనుకుంటాం కదా! ఆసుపత్రిలో ఉండగానే అతను పక్క మీద కాళ్లతో తాళం వేయడం మొదలుపెట్టాడు. ఎడమచేయి వేయాల్సిన దెబ్బలు ఎడమకాలితో వేసేలా కరెంటు డ్రమ్ములకు పెడళ్లు చేయించుకున్నాడు. తోటివాళ్లు వేరే డ్రమ్మర్‌ను తెచ్చుకోకుండా ఆగారు. 1986 ఆగస్టులో డానింగ్టన్ మైదానంలో వేలమంది ముందు మళ్లీ వాయించాడు. 1987లో వచ్చిన 'హిస్టీరియా' ఆల్బం రెండు కోట్లకు పైగా అమ్ముడైంది.

ఆ పాటల్లో దెబ్బలు తక్కువ. ఎక్కడ పడాలో అక్కడే పడతాయి. ఉన్న బియ్యంతోనే అందరి కడుపూ నింపే ఇల్లాలి లెక్క అందులో ఉంది. తోటివాళ్లు ఆగారు చూశారా, ఆ మాట మీదే నాకు మనసు నిలుస్తుంది. మన ఇళ్లల్లో పిల్లకో పిల్లాడికో ఏదైనా దెబ్బ తగిలితే "ఇక నీవల్ల కాదులే" అని ఎంత తొందరగా అంటామో!

తలపై ముసుగు, చేతిలో పుల్లలు

ఇంతవరకూ చెప్పినవాళ్లంతా మగవాళ్లే. ఆడవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఇంగ్లండులో 1978లో మొదలైన 'గర్ల్‌స్కూల్' అంతా ఆడవాళ్ల బృందమే. డెనీస్ డుఫోర్ట్ వాళ్ల డ్రమ్మర్.

ఈ మధ్య నన్ను కట్టిపడేసింది మాత్రం ఇండోనేషియా అమ్మాయి యూయిస్ సితి ఆయిషా. జావా దీవిలో గరుత్ దగ్గరి పల్లె వాళ్లు. 2014లో బడిలో చదువుకుంటూనే ముగ్గురు అమ్మాయిలు 'వాయిస్ ఆఫ్ బాచెప్రోత్' అని బృందం కట్టారు. వాళ్ల భాషలో బాచెప్రోత్ అంటే గోల, వాగుడు. "గోల చేస్తారు" అనే నిందనే పేరుగా పెట్టుకున్నారన్నమాట! తలకు హిజాబ్ చుట్టుకుని డ్రమ్ముల వెనక కూర్చుంటుంది సితి. మా ఊళ్లోనే చదువు మానకుండా బస్సెక్కి వెళ్లే ముస్లిం అమ్మాయిల్లో ఒకరిలా ఉంటుంది. దెబ్బ వేస్తే మాత్రం తడబాటుండదు. చుట్టుపక్కల వాళ్లు ఎంతో అన్నారు. పాట పాడుకోనివ్వమని దేవుణ్ణే అడుగుతూ 2022లో ఒక పాట చేశారు. 2024 జూన్‌లో ఇంగ్లండులో పేరున్న గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించారు. వాళ్ల దేశం నుంచి అక్కడ వాయించిన మొదటి బృందం అదే.

మన దేశంలో జరిగింది కూడా చెప్పుకోవాలి. కశ్మీర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు అమ్మాయిలు 'ప్రగాశ్' అని రాక్ బృందం కట్టి 2012 డిసెంబరులో శ్రీనగర్ పోటీలో బహుమతి గెలిచారు. బెదిరింపులు, తిట్లు, ఆపైన ఫత్వా. 2013 ఫిబ్రవరికల్లా వాయించడం మానేశారు. ఆ అమ్మాయిల్లో ఒకరు డ్రమ్మర్. సితికి దొరికినంత కాలం ఆమెకూ దొరికి ఉంటే ఏం వాయించేదో మనకెవరికీ తెలియదు.

మన పిల్లలు అడిగితే

దూరపు ఊళ్ల ముచ్చట్లు చెప్పుకోవడం సులువే. ఇంట్లోకి వస్తేనే అసలు సంగతి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అన్నం తినే పళ్లెం మీద రెండు చెంచాలతో ఎప్పుడూ ఏదో ఒక దరువు వేస్తూనే ఉంటుంది. డ్రమ్ములు నేర్చుకుంటానంది. మా అత్తమ్మ వెంటనే, "ఏందే బిడ్డా, ఆడపిల్ల డప్పు కొట్టుడేంది? ఇంట్ల సావయిందనుకుంటరు" అంది. ఆమె మాటలో కోపం లేదు, భయం ఉంది. ఆమె పెరిగిన ఊళ్లో డప్పు ముట్టుకునే చేతులు ఏవో ముందే రాసిపెట్టి ఉండేవి. ఆ రాతలో కులమూ ఉంది, ఆడామగా తేడా కూడా ఉంది. నేను ఆమెతో వాదం పెట్టుకోలేదు. తమిళనాడులో దిండిగల్ 'శక్తి' బృందం దళిత అమ్మాయిలు పరై వాయిస్తూ ఆడే వీడియో ఫోన్లో పెట్టి చూపించాను. చివరిదాకా చూసి, "మంచిగనే కొడుతున్నరు గదా" అని మాత్రం అంది. ఒప్పుకున్నట్టో కాదో ఇంకా తేలలేదు. అమ్మాయి మాత్రం మొదలుపెట్టింది.

మీ ఇంట్లోనూ ఎవరైనా అడిగితే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. మొదటిరోజే వేలకు వేలు పోసి డ్రమ్ సెట్టు కొననక్కర్లేదు. రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత పుల్లలు చాలు, కొన్ని వందల్లో వస్తాయి. చప్పుడు తక్కువ, పక్కింటివాళ్లతో పేచీ ఉండదు. ఫోన్లో మెట్రోనోమ్ పెట్టుకుని, మెల్లగా, రెండు చేతుల దెబ్బా ఒకేలా పడేదాకా రోజూ పావుగంట సాధన చేస్తే చాలు. వేగం తర్వాత దానంతటదే వస్తుంది. చెవుల విషయం మాత్రం అశ్రద్ధ చేయొద్దు. 85 డెసిబుల్స్ చప్పుడును రోజుకు 8 గంటలకు మించి వినకూడదంటారు. 3 డెసిబుల్స్ పెరిగినకొద్దీ ఆ సమయం సగానికి తగ్గుతూ పోతుంది. అసలు డ్రమ్ముల మోత 100 కూడా దాటుతుంది. అందుకే వాయించేవాళ్లు చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే పిల్లలకూ ఈ జాగ్రత్త చెప్పండి.

ఇక మీరు వినాలనుకుంటే 'వార్ పిగ్స్'తో మొదలుపెట్టండి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సన్నగా పెట్టుకుని. గొంతును కాసేపు పక్కన పెట్టి ఆ హై-హ్యాట్ టిక్ టిక్ ఒక్కటే పట్టుకుని వెళ్లండి. తర్వాత 'వన్', ఆపైన సితి వాళ్ల పాట. నచ్చకపోతే ఆపేయొచ్చు, ఎవరి బలవంతమూ లేదు. మీ అమ్మాయి ఇంట్లో ఉంటే మాత్రం ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.